సెక్షన్‌లో సైనుసాయిడ్లు విప్పారి కనిపిస్తే కాలేయానికి రక్తప్రసరణ పెరిగిందని రాయవచ్చునా?

హన్మకొండ_ఫార్మకాలజీ (చర్చ ప్రారంభం)

పెద్దలకు నమస్కారం. నేను వరంగల్‌లో ఫార్మకాలజీలో పరిశోధన చేస్తున్నాను. కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇచ్చిన విస్టార్ ఎలుకలలో ఒక మొక్క సారం కాలేయాన్ని ఎంతవరకు కాపాడుతుందన్నది నా అంశం. సారం ఇచ్చిన గుంపులో రక్తంలోని ఎంజైములు తగ్గాయి, కేంద్ర సిర (కాలేయపు ఒక్కో చిన్న గడి మధ్యలో ఉండి రక్తాన్ని బయటికి తీసుకెళ్లే సిర) చుట్టూ కణనాశనం కూడా తక్కువగా ఉంది. అంతవరకు పేచీ లేదు. అయితే ఆ గుంపు స్లైడ్లలో సైనుసాయిడ్లు, అంటే కాలేయ కణాల వరుసల మధ్య రక్తం నడిచే సన్నని దారులు, వెడల్పుగా, శుభ్రంగా విప్పారి కనిపిస్తున్నాయి. విషం మాత్రమే ఇచ్చిన గుంపులో అవి ఉబ్బిన కణాల నడుమ నలిగి, గీతల మాదిరిగా మిగిలాయి.

దీన్ని చూపి, సారం వల్ల కాలేయ రక్తప్రసరణ మెరుగుపడిందని థీసిస్‌లో ఒక వాక్యం రాయవచ్చునా అన్నది నా ప్రశ్న. మా ల్యాబ్‌లో కొందరు తప్పకుండా రాయమంటున్నారు, కొందరు రక్తప్రసరణను కొలవకుండా ఆ మాట ఎత్తవద్దంటున్నారు. దారి ఇంత స్పష్టంగా తెరుచుకుని కనబడుతుంటే మళ్లీ కొలత ఎందుకన్నది మొదటి పక్షం వాదన. దీని మీద అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మామునూరు_పాథాలజీ

తమ్ముడూ, జవాబు చెప్పే ముందు కొన్ని సంగతులు తెలియాలి. ఎలుకను ఏ విధంగా చంపారు? ఎంజైముల కోసం రక్తాన్ని ఎక్కడి నుంచి, ఎంత తీశారు? కాలేయాన్ని ఫార్మలిన్‌లో ముంచారా, లేక పోర్టల్ సిర (పేగుల రక్తాన్ని కాలేయానికి తెచ్చే సిర) ద్వారా ద్రావణం పంపి లోపలి నుంచి స్థిరపరిచారా? అన్ని ఎలుకలలోనూ ఒకే లోబ్ నుంచి ముక్క తీశారా? ఏ గుంపును ముందు కోశారు, ఏ గుంపును చివర కోశారు? రాత్రి మేత తీసేశారా?

వీటికి జవాబు దొరికేదాకా ఆ వెడల్పును మీ సారం ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను.

హన్మకొండ_ఫార్మకాలజీ

మేడమ్, మత్తు ఎక్కువ మోతాదులో ఇచ్చి చంపాము. రాత్రంతా మేత లేదు, నీరు మాత్రం ఉంచాము. కాలేయం ముక్కలను పది శాతం బఫర్ ఫార్మలిన్‌లో ముంచాము, ద్రావణం పంపలేదు. ముక్కలన్నీ ఎడమ పక్క పెద్ద లోబ్ నుంచి తీసినవే. కోసిన వరుస మాత్రం కంట్రోల్, విషం, ప్రామాణిక మందు, సారం. అంటే సారం గుంపు ఎప్పుడూ చివరనే వచ్చింది. మొదటి రెండు గుంపులకు రక్తం కంటి వెనుక నుంచి తీసి, మిగిలిన రెండింటికి పొట్ట తెరిచాక పెద్ద సిర నుంచి తీశారని రికార్డు పుస్తకంలో ఉంది. అప్పుడు ఆ పని చూసినవారు వేరు.

మామునూరు_పాథాలజీ

ఇదే నేను వెతుకుతున్న సంగతి. కాలేయపు సిరలన్నీ వెళ్లి కలిసేది ఆ పెద్ద సిరలోనే. అక్కడ సూది గుచ్చి రక్తాన్ని పూర్తిగా లాగేస్తే కాలేయం తనలోని రక్తాన్ని వదిలేస్తుంది, సెక్షన్‌లో సైనుసాయిడ్లు ఎర్రకణాలు లేకుండా తెల్లగా కనిపిస్తాయి. కంటి వెనుక నుంచి కొద్ది మి.లీ. తీసిన ఎలుకలో రక్తం కాలేయంలోనే నిలిచిపోతుంది. మీ స్లైడ్లలో ఖాళీగా కనిపిస్తున్న సైనుసాయిడ్లలో ఎంత భాగం సారం వల్ల వచ్చిందో, ఎంత భాగం సూది వల్ల వచ్చిందో ఇప్పుడు ఎవరూ విడదీయలేరు. ప్రామాణిక మందు గుంపు స్లైడ్లను ఒకసారి మళ్లీ చూడండి. అవీ ఇలాగే శుభ్రంగా ఉంటే నా అనుమానం బలపడుతుంది.

నలిగిన గుంపు సంగతి వేరు. కార్బన్ టెట్రాక్లోరైడ్ కేంద్ర సిర చుట్టూ ఉన్న కణాలలోని సైటోక్రోమ్ ఎంజైముల చేతిలో పడి విషపు రాడికల్‌గా మారుతుంది కనుక ఆ కణాలే ముందు ఉబ్బుతాయి. ఉబ్బిన కణం పక్కనున్న సైనుసాయిడ్‌ను నొక్కుతుంది. ఇది నిజంగా ఉన్న మార్పే, దాన్ని మీరు నిస్సంకోచంగా వర్ణించవచ్చు. అయితే వర్ణించింది ఆకారాన్ని మాత్రమేనని గుర్తుంచుకోండి.

శరీరధర్మ_పంతులు

వైద్య కళాశాలలో శరీరధర్మ శాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. పాథాలజీ మేడమ్ కోత బల్ల దగ్గరి కారణం చెప్పారు. దానికన్నా మౌలికమైన కారణం ఇంకొకటి ఉంది.

ప్రవాహం అంటే ఒక నిమిషంలో ఎంత రక్తం దాటిపోయిందన్న లెక్క. అది రెండు చివరల మధ్య పీడనంలో ఉన్న తేడా మీద, దారిలోని నిరోధం మీద ఆధారపడుతుంది. వెడల్పు ఆ నిరోధంలో ఒక భాగం మాత్రమే. కాకతీయ కాలువకు చివరన షట్టర్ దించితే నీరు గట్లదాకా నిండుగా నిలుస్తుంది కానీ కదలదు. గుండె కుడి భాగం విఫలమైన రోగి కాలేయంలో జరిగేది ఇదే. బయటికి వెళ్లే సిరలలో పీడనం పెరిగి, కేంద్ర సిర చుట్టూ సైనుసాయిడ్లు మామూలుకన్నా ఎంతో వెడల్పుగా సాగుతాయి, వాటి మధ్య కణాలు సన్నబడి నశిస్తాయి, కోసి చూస్తే కాలేయం జాజికాయ కోసినట్లు ఎర్రటి, పసుపుపచ్చని మచ్చలతో ఉంటుంది. అతి వెడల్పైన సైనుసాయిడ్లు కనబడే ఆ కాలేయంలోనే ప్రవాహం మామూలుకన్నా తక్కువ. వెడల్పును చూసి ప్రవాహం పెరిగిందని రాసేవారికి ఈ ఒక్క స్లైడ్ చాలు.

రెండో సంగతి. కాలేయానికి రక్తం రెండు దారులలో వస్తుంది. గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు కాలేయం గుండా పోతుంది. మనిషిలో అది నిమిషానికి ఒకటిన్నర లీటరు దరిదాపు. అందులో సుమారు నాలుగింట మూడు వంతులు పేగులు, ప్లీహం, క్లోమం నుంచి పోర్టల్ సిర తెచ్చేది, మిగిలిన వంతు కాలేయ ధమని తెచ్చేది. ఆక్సిజన్ లెక్కకు వస్తే మాత్రం రెండూ దాదాపు సమానం. ఈ రెండు రక్తాలూ సైనుసాయిడ్లలోనే కలుస్తాయి. కనుక సెక్షన్‌లో ఒక సైనుసాయిడ్‌ను చూపి అందులోని రక్తం ఏ దారిన వచ్చిందో చెప్పడం కూడా సాధ్యం కాదు.

మూడోది అన్నిటికన్నా ఆసక్తికరమైనది. పోర్టల్ రక్తం తగ్గితే ధమని దానంతట అదే వ్యాకోచించి లోటులో కొంత భాగాన్ని పూడుస్తుంది. కెనడాకు చెందిన లాట్ దీనిని పిల్లులలో వివరంగా పరిశీలించి, 1981లో దానికి ధమని బఫర్ ప్రతిస్పందన అని పేరు పెట్టాడు. కారణం అడినోసిన్ అని 1985లో ప్రతిపాదించాడు. పోర్టల్ సిర, ధమని చివరి కొమ్మలు ఒకే సన్నని కణజాలపు తొడుగులో పక్కపక్కన సాగుతాయి, ఆ తొడుగులోకి అడినోసిన్ ఎప్పుడూ విడుదలవుతూనే ఉంటుంది. పోర్టల్ ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు దాన్ని కడిగేస్తుంది. ప్రవాహం తగ్గగానే అది అక్కడే పోగుపడి ధమని గోడను సడలిస్తుంది. ఎదురు దిశలో ఈ సర్దుబాటు లేదు. ధమని ప్రవాహం తగ్గితే పోర్టల్ సిర చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే దానికి పేగులు ఎంత పంపితే అంతే. ఇంత సర్దుబాటు లోపల నడుస్తుంటే చనిపోయిన ఎలుక ముక్కలో దాని జాడ ఎక్కడ దొరుకుతుంది?

స్లైడ్_గది_కరీంనగర్

పంతులు సార్‌కు నమస్కారం. నేను స్లైడ్లు తయారుచేసేవాణ్ని, సిద్ధాంతం నా పని కాదు. అయినా ఒక మాట అడగాలి. నిర్మాణం రక్తప్రసరణ గురించి ఏమీ చెప్పదని తేల్చేస్తే, కేంద్ర సిర చుట్టూ నాశనం, పోర్టల్ దారి చుట్టూ నాశనం అని మనం దశాబ్దాలుగా రాస్తున్నది ఎందుకు? ఆ పటమే రక్తం నడిచే దిశ మీద కట్టిన పటం కదా.

శరీరధర్మ_పంతులు

మంచి ప్రశ్న. దిశను నిర్మాణం చెబుతుంది, పరిమాణాన్ని చెప్పదు.

1833లో కియర్నన్ వర్ణించిన, కాలేయపు చిన్న గడి అయిన లోబ్యూల్‌కు కేంద్రం సిర. పంది కాలేయంలో లోబ్యూల్ చుట్టూ పీచు గోడ ఉంటుంది కనుక ఆ గళ్లు మామూలు కంటికే కనబడతాయి. మేక కార్జంలోనూ ఎలుక కాలేయంలోనూ ఆ గోడ లేదు, హద్దు మనం ఊహించుకోవలసిందే. 1954లో టొరంటోలో రప్పపోర్ట్ పటాన్ని తిరగేశాడు. ఆయన రక్తం ప్రవేశించే చోటును కేంద్రంగా తీసుకుని, అక్కడి నుంచి దూరాన్ని బట్టి కణాలను మూడు మండలాలుగా విభజించాడు. మొదటి మండలానికి ఆక్సిజన్ ఎక్కువ, మూడో మండలానికి చేరేసరికి అది దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే రక్తం తగ్గితే మూడో మండలం ముందు దెబ్బతింటుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. పారాసిటమాల్‌ను, కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను విషంగా మార్చే ఎంజైములు మెండుగా ఉన్నదీ, రక్షించే గ్లూటాథయోన్ తక్కువగా ఉన్నదీ అదే మూడో మండలం. అంటే ఆక్సిజన్ అందక చచ్చిన కణాలూ, విషానికి చచ్చిన కణాలూ స్లైడ్‌లో ఒకే చోట కనబడతాయి. చోటును చూసి కారణాన్ని తీర్మానించలేము.

మామునూరు_పాథాలజీ

సార్ చెప్పినదానికి చిన్న చేర్పు. పారాసిటమాల్ విషయంలో ఈ రెండు కారణాలు పూర్తిగా వేరు కూడా కావు. చుంచులలో కాలేయ కణాలు నశించడానికి ముందే సైనుసాయిడ్ గోడ కణాలలో చీలికలు ఏర్పడి ఎర్రకణాలు గోడ వెనుకనున్న డిస్సే ప్రదేశంలోకి చొరబడతాయని బతికున్న జంతువు కాలేయాన్ని సూక్ష్మదర్శిని కింద చూసిన పరిశోధనలు తెలిపాయి. అక్కడ విషమే ప్రవాహాన్ని దెబ్బతీస్తుంది, దెబ్బతిన్న ప్రవాహం నష్టాన్ని పెంచుతుంది. ఎలుకలు పారాసిటమాల్‌కు చాలావరకు తట్టుకుంటాయి, చుంచులు తట్టుకోలేవు. ఒకదానిలో చూసినదాన్ని రెండోదానికి అంటగట్టే ముందు ఆలోచించాలి.

జనగామ_పశువైద్యుడు

ఈ చర్చ చూసి ఊరుకోలేక రాస్తున్నాను. మా దిక్కున చెరువు అంచులలో మేసే గొర్రెలకు, బర్రెలకు జలగ వ్యాధి (లివర్ ఫ్లూక్ అనే చదును పురుగు వల్ల వచ్చేది) మామూలే. నత్తల ద్వారా పెరిగిన పిల్ల జలగలు గడ్డితో లోపలికి పోయి, కాలేయాన్ని తొలుచుకుంటూ పైత్యరస నాళాలకు చేరతాయి. వ్యాధి ముదిరిన బర్రెను పోస్టుమార్టం చేస్తే ఎడమ లోబ్ గట్టిబడి కుంచించుకుపోయి, కత్తికి కరకరమనే నాళాలతో ఉంటుంది. కుడి లోబ్ మాత్రం మామూలుకన్నా పెద్దదై గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. దెబ్బతిన్న వైపు తగ్గిన పనిని రెండో వైపు ఎత్తుకున్నదని మేము చదువుకున్నాము. ఇందులో రక్తప్రసరణ పాత్ర ఎంత? కుడి లోబ్‌కు రక్తం ఎక్కువ రావడం వల్ల అది పెరిగిందా, లేక అది పెరగడం వల్ల రక్తం ఎక్కువ వచ్చిందా?

శరీరధర్మ_పంతులు

డాక్టర్ గారూ, వందేళ్ల పాటు జంతు పరిశోధన తిరిగిందే ఈ ప్రశ్న చుట్టూ. కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే కణ నిర్మాణానికీ రక్తప్రసరణకూ ఉన్న అసలు సంబంధం బయటపడింది ఇక్కడే.

1920లో పేటన్ రౌస్, లూయీస్ లారిమోర్ కుందేళ్లలో పోర్టల్ సిర కొమ్మలలో ఒకదాన్ని కట్టివేశారు. ఆ కొమ్మ కింది కాలేయం క్రమంగా కుంచించుకుపోయింది, రక్తమంతా మళ్లిన మిగిలిన భాగం పెరిగింది. కట్టిన భాగానికి ధమని రక్తం, అంటే ఆక్సిజన్, అందుతూనే ఉంది, పైత్యరసం బయటికి పోయే దారి కూడా తెరిచే ఉంది. అయినా అది నిలవలేదు. మీ బర్రె కాలేయంలో జలగ చేసిన గాయం, పీచు కణజాలం కూడా కలిసి ఉంటాయి కాబట్టి అది అంత శుద్ధమైన ఉదాహరణ కాదు, కానీ రూపం అదే. పెద్ద శస్త్రచికిత్సకు ముందు రోగి కాలేయంలో ఒక వైపు పోర్టల్ కొమ్మను మూసి, రెండో వైపును పెంచుకునే పద్ధతికి మూలం ఈ పరిశీలనలోనే ఉంది.

అంతకు ముందే, 1877లో, రష్యాలో ఎక్ అనే శస్త్రవైద్యుడు కుక్కలలో పోర్టల్ సిరను నేరుగా పెద్ద సిరకు కలిపి, పేగుల రక్తం కాలేయాన్ని తాకకుండా మళ్లించాడు. 1893లో పావ్లోవ్ బృందం అటువంటి కుక్కలకు మాంసం పెడితే మతి తప్పి మూర్ఛలు వస్తాయని గమనించింది. ఆ కుక్కల కాలేయ కణాలు చిన్నబడేవి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక అదే శస్త్రచికిత్స చేసి చూస్తే, కణాల పరిమాణం కొద్ది రోజులలోనే సుమారు సగానికి తగ్గి, ప్రోటీన్లు తయారుచేసే గరుకు అంతర్జీవద్రవ్య జాలం చెదిరిపోయి, దాని పొరల మీది రైబోజోములు రాలిపోయి కనిపించాయి. రక్తం తగ్గింది కాబట్టి కణం క్షీణించిందని ఎవరైనా అంటారు. కాలేయ మార్పిడికి ఆద్యుడైన స్టార్జ్‌ల్ అమెరికాలో ఈ మాటనే పరీక్షకు పెట్టాడు.

ఆయన బృందం కుక్క కాలేయాన్ని రక్తం దృష్ట్యా రెండు భాగాలు చేసింది. ఒక భాగానికి క్లోమం వైపు నుంచి వచ్చే సిర రక్తం, రెండో భాగానికి పేగుల రక్తం అందేలా కలిపింది. రెండింటికీ రక్తం అందుతూనే ఉంది, అయినా క్లోమపు రక్తం అందిన భాగం కణాలు నిండుగా, గ్లైకోజెన్‌తో నిలిచాయి, రెండో భాగం కణాలు చిన్నబడ్డాయి. ఆ తర్వాత 1970ల ప్రయోగాలలో, పోర్టల్ రక్తాన్ని పూర్తిగా మళ్లించిన కుక్కలకు ఎడమ పోర్టల్ కొమ్మ మొదట్లో ఇన్సులిన్‌ను కొద్దికొద్దిగా ఎక్కించారు. ఆ వైపు కణాల క్షీణత చాలావరకు ఆగింది, కుడి వైపు ఆగలేదు. ఆ సన్నని ధారతో రక్తం పరిమాణం పెరిగింది లేదు. కాలేయ కణానికి ఎంత రక్తం వచ్చిందన్నదానితో పాటు ఏ రక్తం వచ్చిందన్నది కూడా అంతే ముఖ్యమని దానితో స్థిరపడింది.

కనుక హన్మకొండ తమ్ముడి వాక్యానికి ఇక్కడ ఇంకో అడ్డంకి ఉంది. ఆయన స్లైడ్లలో కణాలు ఆరోగ్యంగా ఉన్నంత మాత్రాన అది ఎక్కువ రక్తం వల్లనే అని అనుకోనక్కరలేదు.

గోదావరిఖని_పాఠకుడు

నేను ఈ రంగం వాణ్ని కాదు, బడిలో జీవశాస్త్రం చెబుతాను. సార్ రాసింది ఊపిరి బిగబట్టి చదివాను, కానీ ప్రతి పేరా వెనుకా కొన్ని కుక్కలు, కుందేళ్లు ఉన్నాయన్నది మరువలేకపోతున్నాను. ఈరోజుల్లో కాలేయ కణాలను పళ్లెంలో పెంచుతున్నారని వింటున్నాము. ఒక థీసిస్‌లోని ఒక వాక్యం కోసం ఇంకొన్ని ఎలుకలను చంపడం సబబేనా?

మామునూరు_పాథాలజీ

సబబు కాదనే నేను కూడా అంటాను. ఆ వాక్యం కోసం కొత్త ఎలుకలు అడగనక్కరలేదు.

మీ విశాలమైన ప్రశ్నకు జవాబు. 1969లో బెర్రీ, ఫ్రెండ్ అనేవారు కొల్లాజినేజ్ ఎంజైమును ఎలుక కాలేయం గుండా పంపి కణాలను బతికి ఉండగానే విడదీసే పద్ధతిని ప్రచురించారు. ఒక్క ఎలుక కాలేయంతో చాలా పరీక్షలు చేయవచ్చు కనుక ఎన్నో జంతువులు మిగిలాయి. విషాన్ని కణం ఎలా మార్చుతుందన్న ప్రశ్నకు ఆ పళ్లెం చాలు. కానీ పళ్లెంలో పోర్టల్ సిర లేదు, ధమని లేదు, మొదటి మండలం నుంచి మూడో మండలానికి తగ్గుతూ పోయే ఆక్సిజన్ లేదు. ఇరవైనాలుగు గంటలు గడిచేసరికి ఆ కణాలు తమ సైటోక్రోమ్ ఎంజైములలో చాలా భాగాన్ని కోల్పోతాయి కూడా. రక్తప్రసరణను ప్రశ్నించేవారు ఏదో ఒక దశలో నిండు అవయవం దగ్గరకు రాక తప్పదు. అది ఎన్ని జంతువులతో, ఎంత బాధ లేకుండా అన్నదే మన చేతిలో ఉన్నది.

మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1998లో వచ్చిన నియమాల ప్రకారం ప్రతి సంస్థలోనూ జంతు నైతిక కమిటీ ముందుగా అనుమతించాలి. ముందు అనుమతించిన పద్ధతిలో శస్త్రచికిత్స లేకపోతే ఆ పని కోసం మళ్లీ దరఖాస్తు చేయాలి. ఎలుకకు మత్తు ఇచ్చి పోర్టల్ సిర మీద పరికరం తొడగడం అటువంటి పనే.

పాత ప్రయోగాల ఫలితాలే చాలు, మళ్లీ చేయనక్కరలేదని ఎవరైనా అనవచ్చు, కానీ దానికి ఒక మెలిక ఉంది. కుక్కకు కాలేయ సిరల గోడలో బలమైన కండర పట్టీలు ఉంటాయి. షాక్‌లో అవి బిగిసి రక్తం కాలేయంలోనూ పేగులలోనూ నిలిచిపోతుంది. మనిషికి ఆ విధంగా జరగదు. కుక్కల షాక్ ప్రయోగాలను మనిషికి అన్వయించడంలో అప్పట్లో వచ్చిన గందరగోళంలో కొంత దీనివల్లనే. ఎలుకకైతే పిత్తాశయమే లేదు. తగిన జంతువును ఎంచుకోకపోతే చంపినవన్నీ వృథా.

హన్మకొండ_ఫార్మకాలజీ

అందరికీ కృతజ్ఞతలు. ప్రామాణిక మందు గుంపు స్లైడ్లు తీసి చూశాను. మేడమ్ అన్నట్లే వాటిలోనూ సైనుసాయిడ్లు శుభ్రంగా ఉన్నాయి. కనుక ఆ వాక్యం రాయడం లేదు. అయితే ముందు ముందు ఈ ప్రశ్నను నిజంగానే పరీక్షించాలనుకుంటే మన ల్యాబ్‌ల స్థోమతలో ఉన్న పద్ధతి ఏది? ఇండోసయనిన్ గ్రీన్ రంగును ఇచ్చి రక్తంలో అది తగ్గే వేగాన్ని చూడటం చవక అని చదివాను. మా దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది.

శరీరధర్మ_పంతులు

ఆ రంగు మీ ప్రశ్నకు సరిపోదు. దాన్ని రక్తం నుంచి తొలగించేది కాలేయ కణం. అందుకే ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో అది తగ్గే వేగం ప్రవాహానికి దగ్గరి సూచిక అవుతుంది. మీరు కణాన్ని కార్బన్ టెట్రాక్లోరైడ్‌తో దెబ్బతీశాక రంగు నెమ్మదిగా తగ్గితే, రక్తం తక్కువ వచ్చిందా, వచ్చిన రంగును కణం పట్టుకోలేకపోయిందా అన్నది తెలియదు. కాలేయ సిర నుంచి కూడా నమూనా తీసి, లోపలికి వచ్చిన రంగులో ఎంత శాతం పట్టుబడిందో లెక్కిస్తే తప్ప దాన్ని ప్రవాహంగా మార్చలేరు. ఎలుకలో ఆ సిరలోకి గొట్టం పంపడం చేయి తిరిగినవారికే సాధ్యం.

ఎన్నో ఏళ్లు ప్రామాణికంగా నిలిచింది సూక్ష్మగోళాల పద్ధతి. రుడాల్ఫ్, హైమన్ 1967లో గొర్రె పిండాలలో దీనితో అవయవాల రక్తప్రసరణను కొలిచారు. సుమారు 15 మైక్రాన్ల గోళాలను గుండె ఎడమ భాగంలోకి ఎక్కిస్తే అవి రక్తంతో పాటు ఏ అవయవానికి ఎంత వాటా పోతుందో అంత వాటాలో వెళ్లి, కేశనాళికలలో చిక్కుకుంటాయి. అదే సమయంలో ఒక ధమని నుంచి నిర్ణీత వేగంతో తీసిన రక్తంలోని గోళాలతో పోల్చి నిమిషానికి ఎన్ని మి.లీ. అన్నది లెక్కకడతారు. కాలేయం దగ్గర మాత్రం ఒక మతలబు ఉంది. పేగులకు వెళ్లిన గోళాలు అక్కడే ఆగిపోతాయి, పోర్టల్ సిరకు చేరవు. కాబట్టి కాలేయంలో దొరికే గోళాలు ధమని ప్రవాహాన్ని మాత్రమే చెబుతాయి. పోర్టల్ ప్రవాహం కావాలంటే జీర్ణాశయం, పేగులు, వాటి పొర, క్లోమం, ప్లీహం అన్నిటి లెక్కలూ కూడాలి. ఇది తెలియక కాలేయం ఒక్కదాన్నే లెక్కపెట్టి, అదే మొత్తం కాలేయ ప్రవాహమని రాస్తే, మూడు వంతుల రక్తం లెక్కలోంచి జారిపోతుంది.

మీ అందుబాటులో ఉన్నది, నా ఉద్దేశంలో, విడదీసిన కాలేయ పెర్ఫ్యూజన్. ఒక పెరిస్టాల్టిక్ పంపు, 37 డిగ్రీల దగ్గర ఉంచే ఏర్పాటు, ఆక్సిజన్ కలిపిన క్రెబ్స్ ద్రావణం (రక్తరసాన్ని పోలిన లవణ ద్రావణం), పీడనం చూపే గొట్టం ఉంటే చాలు. పోర్టల్ సిర ద్వారా స్థిరమైన వేగంతో ద్రావణం పంపుతూ పీడనాన్ని చదవండి. అదే ప్రవాహానికి పీడనం ఎక్కువ కావలసివస్తే నిరోధం పెరిగిందన్నమాట. ఉబ్బిన కణాలు సైనుసాయిడ్లను నొక్కడం వల్ల నిరోధం పెరిగిందా, సారం దాన్ని తగ్గించిందా అన్నది దీనితో నిజంగా చూడవచ్చు. ధమని ఉండదు, నరాలు ఉండవు, ఎర్రకణాలు లేని ద్రావణం కనుక సహజ ప్రవాహంకన్నా ఎక్కువ వేగంతో పంపవలసివస్తుంది. ఆ పరిమితులను పద్ధతి భాగంలోనే రాసుకోవాలి.

స్లైడ్_గది_కరీంనగర్

పంపు పెట్టేటప్పుడు చేతిపని గురించి నాదొక మాట. అదే ఎలుక కాలేయాన్ని చివరన సూక్ష్మదర్శినికి స్థిరపరచాలనుకుంటే ఫిక్సేటివ్‌ను పోర్టల్ సిరలోకి జోరుగా తోయవద్దు. ఎలుక పోర్టల్ పీడనం పాదరసం లెక్కలో పది మి.మీ. లోపే ఉంటుంది. సీసాను బల్లకు ఎత్తులో వేలాడదీసి వదిలితే సైనుసాయిడ్ల గోడ చిరిగి, రంధ్రాలు పెద్దవై, ఇదేదో వ్యాధి అనిపించేలా తయారవుతుంది. 1970లో విస్సే ఎలుక సైనుసాయిడ్ గోడలోని ఆ సన్నని రంధ్రాలను స్పష్టంగా చూపగలిగింది కాలేయాన్ని లోపలి నుంచి స్థిరపరచడం వల్లనే. ముంచితే అవి అలా దొరకవు. కాలేయం మంచి స్థిరీకరణకు లోనైతే క్షణాలలోనే రంగు తేలి, అంచులు మొద్దుబారి, వేలు ఆనిస్తే ఉడికిన గుడ్డు తెల్లసొన మాదిరి గట్టిగా తగులుతుంది. ఏదైనా లోబ్ ముదురు ఎరుపులోనే మిగిలితే అక్కడికి ద్రావణం చేరలేదు, ఆ ముక్కను పక్కన పెట్టండి.

ముంచే పద్ధతైతే ముక్క మందం 5 మి.మీ. దాటకూడదు, ఫార్మలిన్ ముక్కకు కనీసం పది రెట్లు ఉండాలి. ఒక సీసాలో ఆరు ఎలుకల ముక్కలు కుక్కి పంపితే మధ్యలోని కణాలు కుళ్లడం మొదలుపెడతాయి. మా గదికి అటువంటి సీసాలు వస్తూనే ఉంటాయి.

ఇంకొకటి. తెల్లని ఖాళీలు కనబడగానే కొవ్వు అని రాయకండి. మేత తిన్న ఎలుక కాలేయంలో గ్లైకోజెన్ కూడా ఖాళీలాగే కనబడుతుంది, దాని అంచు చిరిగిన దూదిలా ఉంటుంది, కొవ్వు ఖాళీకి గుండ్రని, కోసినట్లుండే అంచు ఉంటుంది. గ్లైకోజెన్‌కు రంగు పట్టించే పీఏఎస్ రంజనం ఒకసారి మామూలుగా, ఒకసారి గ్లైకోజెన్‌ను కరిగించే డయాస్టేజ్ ఎంజైముతో చేస్తే తేలిపోతుంది. కొవ్వు కోసం మాత్రం గడ్డకట్టించిన ముక్కే కావాలి, మైనం బ్లాకుకు పోయే దారిలో జైలీన్ దాన్ని కరిగించేస్తుంది.

జనగామ_పశువైద్యుడు

కోసే వరుస గురించి కూడా చెప్పండి మేడమ్. మా విద్యార్థులు కూడా గుంపుల వారీగానే కోస్తారు.

మామునూరు_పాథాలజీ

గుంపుల వారీగా కోయవద్దు. ప్రతి గుంపు నుంచి ఒక్కో ఎలుకను చీటీ తీసినట్లు కలిపి ఒక విడతగా కోయండి, తర్వాత రెండో విడత. ఎలుక రాత్రి తినే జంతువు, మేత తీసేసినా ఉదయం ఎనిమిదికి కోసిన కాలేయమూ మధ్యాహ్నం మూడుకు కోసిన కాలేయమూ ఒకటి కావు. ఉపవాసపు గంటలు పెరిగేకొద్దీ గ్లైకోజెన్ పోతుంది, గ్లూటాథయోన్ తగ్గుతుంది, పేగులు విశ్రాంతిలో ఉంటాయి కనుక పోర్టల్ రక్తమూ తగ్గుతుంది. మత్తు మందు కూడా అన్ని గుంపులకూ ఒకటే ఉండాలి. హాలోథేన్ కాలేయ రక్తాన్ని గట్టిగా తగ్గిస్తుంది, ఐసోఫ్లురేన్ ధమని ప్రవాహాన్ని అంతకన్నా మెరుగ్గా నిలుపుతుంది. రక్తం తీసే చోటు అందరికీ ఒకటే. స్లైడ్ చదివేవారికి గుంపు పేరు తెలియకూడదు.

తమ్ముడూ, మీ దగ్గర ఇప్పుడున్న బ్లాకులతోనే ఒక పని చేయవచ్చు. విషం గుంపులోనూ కంట్రోల్ గుంపులోనూ రక్తం ఒకే చోటు నుంచి తీశారు కనుక ఆ రెండింటినీ పోల్చడానికి అడ్డు లేదు. అలాగే ప్రామాణిక మందు గుంపునూ సారం గుంపునూ ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. ఈ జతలను దాటి సైనుసాయిడ్ వెడల్పును పోల్చవద్దు. కణనాశనం విస్తీర్ణానికి ఈ ఇబ్బంది లేదు, దాన్ని నాలుగు గుంపులలోనూ కొలవండి.

హన్మకొండ_ఫార్మకాలజీ

మేడమ్, ఫలితాల భాగంలో ఈ విధంగా రాశాను: "విషం మాత్రమే ఇచ్చిన గుంపులో కేంద్ర సిర చుట్టూ కాలేయ కణాలు ఉబ్బి, వాటి మధ్య సైనుసాయిడ్లు ఇరుకుగా కనిపించాయి. సారం ఇచ్చిన గుంపులో కణాల ఉబ్బు, కణనాశనం తక్కువగా ఉన్నాయి. రక్తం సేకరించిన స్థానం గుంపుల మధ్య వేరుగా ఉన్నందున సైనుసాయిడ్ల వెడల్పును ఆ గుంపుల మధ్య పోల్చలేదు. కాలేయ రక్తప్రసరణను ఈ అధ్యయనంలో కొలవలేదు."

మామునూరు_పాథాలజీ

బాగుంది. "కనిపించాయి" పక్కన ఏ లోబ్, ఎంత పెద్దదిగా చేసి చూశారో చేర్చండి. పెర్ఫ్యూజన్ కోసం కమిటీకి దరఖాస్తు రాసేటప్పుడు పంతులు సార్ చెప్పిన పరిమితులన్నీ అందులోనే పెట్టండి, జంతువుల సంఖ్యకు కారణం అడుగుతారు.

శరీరధర్మ_పంతులు

పంపు దొరకకపోతే నాకు వ్యక్తిగత సందేశం పంపు తమ్ముడూ. మా పాత విభాగంలో ఒకటి మూలన పడి ఉంది, గొట్టాలు మార్చుకుంటే నడుస్తుంది.